సగం సొరకాయ ఏం చేయాలి? ఇద్దరున్న ఇంటికి శాకాహార వంటపుస్తకం ఎంచుకునే పద్ధతి

ఇద్దరికి సరిపడే సొరకాయ ఏ పాదుకీ కాయదు. మార్కెట్లో ఎంత చిన్నది ఏరుకున్నా కిలోకి అటూ ఇటూ తూగుతుంది. పులుసులోకి సగం పడుతుంది. మిగతా సగాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు తీసినప్పుడల్లా చూసి, నాలుగో రోజు అంచులు నల్లబడ్డాక ఆవుకి వేస్తాం. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయి ఇద్దరే మిగిలిన ఇళ్ళు మా కోనసీమలో ఏ వీధిలో చూసినా ఉన్నాయి. కాకినాడలో గది తీసుకుని చదువుకునే కుర్రాళ్ళూ, భీమవరంలో ఉద్యోగానికొచ్చి ఒక్కరే వండుకునే అమ్మాయిలూ పడేది కూడా ఈ బాధే.

ఈ బాధ తెలియని రోజుల్లో నేనొక లావుపాటి పుస్తకం కొన్నాను. వెయ్యికి పైగా వంటకాలు, అట్ట మీద అరిటాకు భోజనం బొమ్మ. "ఆయ్, కొత్తగా కాపురం పెట్టేవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తున్నారండి" అన్నాడు కొట్టతను. ఇంటికొచ్చి పనసపొట్టు కూర పేజీ తీశాను. "పనసపొట్టు ఒక కిలో" అని ఉంది. ఎంతమందికో రాయలేదు. చెప్పినట్టే చేశాను. ఆ రోజు రెండు పూటలా తిన్నాం, మర్నాడు తిన్నాం, పక్కింటి పిన్నిగారికి ఇచ్చాం, మూడో రోజు కూడా గిన్నె అడుగు కనబడలేదు. అప్పుడు మావారు అడిగారు: "ఇది రాసినావిడ ఇంట్లో ఎంతమందంటావ్?"

ఇప్పుడు ఏ వంటపుస్తకం చేతిలోకి తీసుకున్నా నేను ముందు అడిగేది ఆ ప్రశ్నే. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఈ పద్ధతి రాస్తున్నాను.

1. కొట్టుకి వెళ్ళేముందు ఒక వారం మీ వంటింటి లెక్క రాయండి

పాత క్యాలెండర్ కాగితం వెనక రాసినా చాలు. ఏ పూట ఎంతమంది తిన్నారు, ఏ కూర మిగిలింది, ఏ కూరగాయ పారేశారు. వారం తిరిగేసరికి మీకే ఆశ్చర్యం వేస్తుంది. మా ఇంట్లో పారేసినవాటిలో ఎక్కువ ఆకుకూరలే. కట్ట ఇద్దరికి ఎక్కువ, అరకట్ట ఎవరూ అమ్మరు.

దాని కింద మీ గిన్నెల జాబితా కూడా రాయండి. కుక్కర్ ఎన్ని లీటర్లది, మిక్సీకి చట్నీ జార్ ఉందా, మూకుడు ఎంత వెడల్పు, ఓవెన్ ఉందా. ఓవెన్ లేని ఇంటికి సగం పేజీలు ఓవెన్ వంటలున్న పుస్తకం దండగ. తినేవాళ్ళ సంగతులు కూడా రాసుకోవాలి: కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తారా, బీపీ ఉందా, పళ్ళు ఊడి గట్టివి నమలలేనివాళ్ళున్నారా. ఈ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళండి.

2. "ఎంతమందికి" అన్న మాట వెతకండి

ఏదో ఒక పేజీ తెరిచి, ఈ వంట ఇంతమందికి అని రాశారా చూడండి. లేకపోతే ఆ పుస్తకం నూటికి తొంభై పాళ్ళు మీకు పనికిరాదు. నలుగురికి అని ఉంటే ఫరవాలేదు, ఎక్కువ పుస్తకాలు ఆ లెక్కనే ఉంటాయి. కానీ నలుగురి వంటని ఇద్దరికి దించేటప్పుడు అన్నీ సగం చేస్తే కుదరదు. అది తెలిసి రాసినావిడ పుస్తకం ముందుమాటలోనే దొరికిపోతుంది.

కుదరకపోవడానికి కారణం ఉంది. నీళ్ళు ఆవిరయ్యేది గిన్నె వెడల్పును బట్టి, కూర బరువును బట్టి కాదు. అదే మూకుట్లో సగం పులుసు కాస్తే, సగం నీళ్ళు పోసినా ముక్క ఉడికేలోపే ఇగిరి అడుగంటుతుంది. గిన్నె మార్చకపోతే నీళ్ళు సగం కన్నా కాస్త ఎక్కువే పోయాలి, లేదా చిన్న గిన్నెకి మారాలి. పోపు నూనె కూడా అంతే. ఆవాలు చిటపటలాడాలంటే అడుగున కాస్త నూనె నిలవాలి, అర చెంచాతో ఆ పని జరగదు. పోపు వేయడానికి గుంటగరిటె వాడమని చెప్పే పుస్తకం కనబడితే, రాసినావిడ చిన్న వంట వండిన మనిషే అని నమ్మొచ్చు. ఉప్పు, కారం మాత్రం ముందు సగం కన్నా తక్కువే వేసి రుచి చూసుకోవాలి. ఎక్కువైతే తీయలేం కదా.

కుక్కర్ సంగతి మరీ ముఖ్యం. అయిదు లీటర్ల కుక్కర్లో గుప్పెడు కందిపప్పు నేరుగా పోస్తే మెతుకు మెతుకుగా అడుగంటుతుంది. లోపల గిన్నెలు పెట్టి, కింద నీళ్ళు పోసి, ఒక గిన్నెలో పప్పు, ఇంకో దాంట్లో అన్నం, పైన చిన్న గిన్నెలో కంద ముక్కలు... మన అమ్మలు ఎప్పుడూ చేసేదే. కానీ అచ్చులో "కుక్కర్లో పప్పు, నీళ్ళు పోసి మూడు విజిల్స్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. విజిల్ కొలత కాదండీ. కుక్కర్ సైజును బట్టి, మంటను బట్టి అది మారుతుంది. నిమిషాలు రాసిన పుస్తకానికి నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

3. కొలతలు ఏ గ్లాసుతో?

గ్లాసు, కప్పు, గరిటె, పిడికెడు. ఈ నాలుగు మాటలతో మొత్తం పుస్తకం నడిపేసేవాళ్ళున్నారు. మా అత్తగారు బతికున్నప్పుడు "కంటికి తెలుస్తుందమ్మా" అనేవారు. ఆవిడ కంటికి తెలిసేది నిజమే, అది అచ్చు వేయలేం.

కప్పు అన్నప్పుడు అది ఎన్ని మిల్లీలీటర్లో మొదటి పేజీల్లో చెప్పారా చూడండి. అమెరికా పుస్తకాల్లో కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు ఎక్కువగా 180. మా ఇంట్లో స్టీలు గ్లాసు కొలిస్తే 200 దాటింది. పది మంది వంటలో ఈ తేడా కలిసిపోతుంది, ఇద్దరి వంటలో బయటపడుతుంది. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అంటే 15. ఆస్ట్రేలియా పుస్తకంలో మాత్రం పెద్ద చెంచా 20. కూతురు పంపింది కదా అని మెల్‌బోర్న్ పుస్తకం చూసి మెంతిపొడి వేస్తే నోరు చేదే.

పాత పుస్తకాల మీద మోజున్నవాళ్ళకి ఒక మాట. మన దేశంలో కిలోల తూకం 1958 అక్టోబరులో మొదలై 1962 నాటికి తప్పనిసరి అయింది. అంతకు ముందు అచ్చయిన వాటిలో వీశెలు, పలాలు, తులాలు కనబడతాయి. మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె. గ్రాముల్లో పలం సుమారు 35, వీశె సుమారు 1,400. ఇక గిద్దె, సోల, తవ్వ, మానిక అనేవి తూకాలు కావు, కొలపాత్రలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక.

నా అనుభవంలో ఇద్దరున్న ఇంటికి గ్రాముల పుస్తకం కన్నా ఈ పాత కొలపాత్రల పద్ధతే ఒక్కోసారి సుఖం. "మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు" అంటే అది వంతుల లెక్క. మీరు తవ్వతో కొలవండి, టీ కప్పుతో కొలవండి, ఇడ్లీ ఇడ్లీగానే వస్తుంది. పచ్చళ్ళలో కూడా కారం ఎంత, ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అన్నది వంతుల్లో చెబితే రెండు మామిడికాయలతో కూడా ఆవకాయ కలుపుకోవచ్చు. "కాయలు యాభై" అని మొదలుపెట్టే పేజీ మనకి కథలా చదువుకోవడానికే.

పచ్చళ్ళ మాట వచ్చింది కాబట్టి: రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే సుమారు ఒక చెంచా. బీపీ ఉన్న ఇల్లయితే నిలవ పచ్చళ్ళ అధ్యాయం లావుగా ఉన్న పుస్తకం కన్నా రోటి పచ్చళ్ళ అధ్యాయం లావుగా ఉన్నది నయం. బీరపొట్టు పచ్చడి, దోసకాయ పచ్చడి లాంటివి ఏ పూటకి ఆ పూట చిన్న గిన్నెడు నూరుకోవచ్చు, ఉప్పు మన చేతిలో ఉంటుంది.

4. సగం సొరకాయ పరీక్ష

పుస్తకం చివర అకారాది సూచిక ఉందా చూడండి. వంటల పేర్లతో కాదు, కూరగాయల పేర్లతో ఉండాలి. "సొరకాయ" దగ్గర ఒకే వంట ఉంటే పరీక్ష తప్పినట్టే. పులుసు, పాలు పోసిన కూర, తొక్కుతో పచ్చడి, తురిమి అట్లపిండిలో కలిపేది, ఇలా నాలుగైదు ఉంటే, అవి ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటే, సోమవారం కోసిన కాయ బుధవారానికి ఎవరికీ విసుగు పుట్టకుండా అయిపోతుంది.

ఇంకా మంచి పుస్తకాలు వరస చెబుతాయి. ఈ వరస అన్నదే చిన్న ఇంటికి ప్రాణం. ఇడ్లీపిండి చూడండి. ఇద్దరికోసం రుబ్బినా గ్రైండర్ తిరగాలంటే కొంత పిండి ఉండాలి, అది ఒక పూటలో అవదు. మొదటి రోజు ఇడ్లీ. రెండో రోజు అదే పిండి మందపాటి మూకుట్లో పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద దిబ్బరొట్టె. మూడో రోజు పులిసిందనుకుంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు. పిండి ఒకటే, మూడు రోజుల ఫలహారాలు. ఈ మూడూ మూడు అధ్యాయాల్లో ఎక్కడెక్కడో ఉంటే మీకు తట్టదు. ఇడ్లీ పేజీ కిందే "మిగిలిన పిండికి ఫలానా పేజీ చూడండి" అని ఉందా? అలా రాసిన పుస్తకం చాలా అరుదు, దొరికితే వదలొద్దు.

కొబ్బరికాయ కూడా ఇలాంటిదే. మాకు కొబ్బరికి లోటు లేదు కానీ ఒక కాయ కొడితే ఇద్దరికి రెండు మూడు రోజులు. కన్నులున్న చిప్ప ముందు పాడవుతుంది, దాన్ని ముందు వాడాలని మా వైపు అంటారు. ఒక చిప్ప పచ్చడికి, రెండోది కోరి కూరలోకి, ఇంకా మిగిలితే కొబ్బరన్నం. కొబ్బరి "అర చిప్ప" అని రాసి మిగతాది గాలికి వదిలేస్తే పుస్తకానికి ఒక మార్కు తగ్గించండి.

మిగిలినవాటి గురించి చెప్పే పుస్తకం అన్నం గురించి జాగ్రత్త కూడా చెప్పాలి. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రికి మిగిలిన అన్నాన్ని పొయ్యి పక్కన వదిలేసి పొద్దున్న పులిహోర కలిపేయమనే పుస్తకం కన్నా, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమనే పుస్తకం మేలు.

5. కొట్లోనే తెరవాల్సిన మూడు పేజీలు

గోదావరి జిల్లాల వంటలున్నాయని అట్ట మీద వేసుకున్న ప్రతిదాన్నీ నమ్మనక్కర్లేదు. పూతరేకులు, కాజాలు అందరూ వేస్తారు. అవి ఆత్రేయపురంలోనో తాపేశ్వరంలోనో కొనుక్కునేవి, ఇద్దరున్న ఇంట్లో చేసుకునేవి కావు. నేను తెరిచేవి వేరే మూడు.

మొదటిది కంద. గోదావరి మధ్య లంకల్లో పండే కంద మాకు చేపకి బదులు అనుకోండి. శాకాహారులం కాబట్టి ఆ పోలిక నేను చేయకూడదు కానీ, ఇంకో మాట తట్టలేదు. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, దురద దానివల్లే. చేతికి నూనె రాసుకుని తరగమనీ, చింతపండు పులుపులో ఉడికించమనీ రాశారా? రాయకపోతే ఆవిడ కంద ముట్టుకోలేదని లెక్క.

రెండోది అరటిపువ్వు. రావులపాలెం అరటి మార్కెట్ నుంచి గెలలు లారీల్లో రాష్ట్రం దాటి పోతాయి, పువ్వు, దూట మాత్రం మాకే మిగులుతాయి. ప్రతి చిన్న పువ్వులోనూ గట్టి పుల్ల ఒకటి, పలచటి పొర ఒకటి తీసేయాలి, తరిగినవి మజ్జిగ నీళ్ళలో వేయాలి. ఈ పని ఇద్దరికి అరగంట. పుస్తకం ఆ అరగంట సంగతి చెబుతోందా, లేక "అరటిపువ్వు శుభ్రం చేసి" అని దాటేస్తోందా?

మూడోది ఆవ పెట్టడం. పనసపొట్టయినా, అరటికాయయినా, కంద బచ్చలయినా చివర ఆవ ముద్ద కలిపితేనే ఆ ఘాటు. పొయ్యి దింపి, కాస్త చల్లారాక కలపాలి. పొయ్యి మీదే కలిపితే చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. ఇది చాలా పుస్తకాలు రాస్తాయి. రాయనిది ఏమిటంటే, ఇద్దరి కూరకి కావలసిన ఒక చెంచా ఆవాలు మిక్సీలో నలగవు. బ్లేడు కింద ఆవాలు అలాగే తిరుగుతుంటాయి. చిన్న రోట్లో నూరమనో, పచ్చిమిర్చి, కాస్త కొబ్బరి జోడించి చట్నీ జార్లో తిప్పమనో ఒక్క వాక్యం కనబడిందంటే ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు.

జులై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరదొస్తే లంకల నుంచి కూరగాయలు ఆగిపోతాయి. అప్పుడు ఇంట్లో ఉండేది పప్పులు, చింతపండు, ఉల్లిపాయలు, మహా అయితే ఒక కంద దుంప. కూరగాయ లేకుండా వండే పేజీలు, అంటే పచ్చిపులుసు, పప్పుచారు, వడియాల పులుసు, కందిపొడి, మెంతి మజ్జిగ లాంటివి, ఎన్ని ఉన్నాయో కొట్లో ఉండగానే లెక్కపెట్టండి.

6. శాకాహారం అంటే ఎవరి శాకాహారం?

మన తెలుగు పుస్తకాలతో ఈ గొడవ లేదు. బయటి పుస్తకాల్లో శాకాహారం అంటే గుడ్డు కూడా ఉంటుంది. గుడ్డు తీసేస్తే కేకు పొంగదు, పేజీ దండగ. కొన్ని జున్నుల తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది, వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది, థాయ్ కర్రీ పేస్టుల్లో ఎండురొయ్య ఉండొచ్చు. వీటికి బదులు ఏం వాడాలో చెప్పని పుస్తకాన్ని పక్కన పెట్టండి. మడి, ఆచారం ఉన్న ఇళ్ళయితే ఉల్లి, వెల్లుల్లి లేని వంటలు విడిగా గుర్తు పెట్టారా అని కూడా చూసుకోవాలి.

7. పేర్లు ఏ భాషలో ఉన్నా కూరగాయ మనదేనా?

ఇంగ్లీషు పుస్తకం తీసుకునేవాళ్ళకి ఇది. అందులో "యామ్" అంటే కందా, పెండలమా, ఇంకో దుంపా తేలదు. "కుకుంబర్" అని ఉన్నచోట మన పసుపుపచ్చటి పప్పు దోసకాయ వేస్తే వంట తిరగబడుతుంది. "లెంటిల్స్" అని ఒక్కమాటలో అంటారు, కందిపప్పూ పెసరపప్పూ ఒకే సమయంలో ఉడకవు. ఆకుకూర ఏదైనా పాలకూరే వాళ్ళకి, మన తోటకూరకీ బచ్చలికీ గోంగూరకీ ఉన్న తేడా వాళ్ళ లెక్కలో లేదు. వెనక పేజీల్లో తెలుగు పేర్ల పట్టిక ఉంటే సగం టెన్షన్ తీరుతుంది. ఉత్తరాది పుస్తకాల్లో పనీర్ వంటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. మా వీధి చివర కొట్లో పనీర్ రోజూ దొరకదు.

8. అచ్చు, కాగితం

త్వరగా చెప్పేస్తాను. పొయ్యి గట్టు మీద పెడితే మూసుకోకుండా నిలబడాలి, స్పైరల్ బైండింగ్ అయితే సుఖం. అక్షరాలు అద్దాలు లేకుండా మూరెడు దూరం నుంచి కనబడాలి. కావలసిన వస్తువులు, చేసే విధానం ఒకే పేజీలో, లేదా ఎదురెదురు పేజీల్లో ఉండాలి. చేతికి పిండి అంటుకున్నాక పేజీ తిప్పడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలియదో, అచ్చువేసేవాళ్ళకి తెలియదో. ఫోటోలు లేకపోయినా నాకు బాధ లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు లోపలి పేజీల బొమ్మలు చూడకుండా డబ్బు కట్టొద్దు. నేనలా తెప్పించిన పుస్తకం ఒకటి చీమ తలకాయంత అక్షరాలతో వచ్చి అలమర ఎక్కింది.

9. కొనేముందు అరువు తెచ్చుకోండి

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో వంటపుస్తకాలు ఉంటాయి, ఎవరూ అడగరంతే. రాజమండ్రి వెళ్ళే పని ఉంటే గౌతమీ గ్రంథాలయంలో పాతవి తిరగేయొచ్చు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే పది రకాలు పక్కపక్కన పెట్టి, పర్సులో కాగితం తీసి పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా తేలిక, పక్కింటివాళ్ళని అడగడం. వాళ్ళ పుస్తకంలో ఏ పేజీలకి నూనె మరకలున్నాయో చూడండి. మరకల్లేని పుస్తకం గురించి వాళ్ళు ఎంత పొగిడినా వినొద్దు.

తెచ్చుకున్నాక రెండు వారాలు, ఆరు వంటలు. రెండు మీకు బాగా వచ్చినవి, ఎందుకంటే ఆవిడ పప్పుచారుకీ మీ పప్పుచారుకీ ఎంత దూరమో తెలియాలి. రెండు ఎప్పుడూ చేయనివి. మిగతా రెండు, ఫ్రిజ్‌లో మిగిలిన సగం కాయతోనో అరకట్ట ఆకుకూరతోనో, సూచికలో వెతుక్కుని చేసేవి. ప్రతి వంటకీ ఎంత మిగిలింది, ఎంతసేపు పట్టింది, ఎన్ని గిన్నెలు కడిగారు రాయండి. నాలుగు గిన్నెలు దాటే కూర ఇద్దరికోసం ఎవరు చేస్తారు? ఆరింట్లో నాలుగు మళ్ళీ చేయాలనిపిస్తే కొనండి. మూడే అయితే ఆ మూడూ నోటుబుక్కులోకి ఎక్కించుకుని పుస్తకం తిరిగి ఇచ్చేయండి.

కొన్నాక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. అచ్చు పుస్తకం మీద రాయడం తప్పని చిన్నప్పుడు నేర్పారు కానీ వంటపుస్తకానికి అది వర్తించదు. నా దాంట్లో సొరకాయ పులుసు పేజీ అంచున ఇలా ఉంటుంది: "కాయలో సగం. నీళ్ళు రెండు గ్లాసులు కాదు, గ్లాసున్నర. బెల్లం మానేశాను. మిగతా సగం గురువారం అట్లలోకి. ఆయనకి ఉప్పు చాలలేదట, నాకు సరిపోయింది."